గ్రానైట్ ఎంత నొక్కుకుంటుందో కొలవడం: నా అనుభవం

హైదరాబాద్ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. దాని మీద పీడనం పెంచినప్పుడు మొదట మూసుకునేవి లోపలి సన్న పగుళ్లు. ఖనిజాల అసలు గట్టిదనం ఆ తర్వాతే బయటపడుతుంది.

గచ్చిబౌలి వైపు పునాదులు తవ్వినచోట దొరికే రాయి తీసుకోను. పేలుళ్లకు అందులో కొత్త పగుళ్లు పడి ఉంటాయి. క్వారీలో వైరుతో కోసిన దిమ్మ నుంచే 54 మి.మీ. వ్యాసం, 108 మి.మీ. పొడవు ఉండే కోర్ (స్తంభాకారపు ముక్క) తీస్తాను. బరువు ఇక తగ్గదు అనేదాకా 60 డిగ్రీల దగ్గర ఆరబెడతాను. తొందరపడి వేడి బాగా పెంచితే గింజలు తలా ఒక తీరున వ్యాకోచించి పగుళ్లు పెరుగుతాయి. వానాకాలంలో ఓవెన్ నుంచి తీయగానే డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టాలి.

పీడనం పెట్టే నూనె రాయిలోకి దూరకుండా కోర్‌కు 0.1 మి.మీ. రాగి రేకును జాకెట్‌లా చుట్టి, రెండు చివరలా ఉక్కు మూతలు పెట్టి, అతుకులన్నీ సోల్డర్ చేస్తాను. రేకు మీద స్ట్రెయిన్ గేజ్‌లు (కుదింపును కొలిచే సన్నని పట్టీలు) అంటించకముందే, నూనె నింపిన వెసెల్‌లో (పీడన పాత్రలో) పెట్టి ఒకసారి 10 మెగాపాస్కల్‌కు (వాతావరణ పీడనానికి సుమారు వంద రెట్లు) తీసుకెళ్లి దించుతాను. బయటికి తీసి వెలుతురులో వాలుగా పట్టి చూస్తే రేకు మీద రాతి గింజల అచ్చు కనిపించాలి. ఎక్కడైనా సొట్ట పడిందంటే దాని కింద గుంట ఉన్నట్టే, అక్కడ గేజ్ వద్దు. ఈ రాయిలో గింజలు పెద్దవి. 5 మి.మీ. గేజ్ ఒకే ఫెల్‌స్పార్ గింజ మీద కూర్చునే ప్రమాదం ఉంది కాబట్టి 20 మి.మీ. గేజ్‌లే వాడతాను.

పీడనం 2, 5, 10, 20, 30, 50, 70, 100, 150, 200 మెగాపాస్కల్ మెట్లలో పెంచుతాను. నొక్కినప్పుడు నూనె వేడెక్కుతుంది, అందుకే ప్రతి మెట్టు దగ్గరా 15 నిమిషాలు ఆగాకే రీడింగ్. 50 లోపు మెట్లను ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించను, పగుళ్ల సంగతంతా అక్కడే ఉంది. పొడవులో వెయ్యో వంతు వెడల్పున్న పగులు దాదాపు 60, 70 మెగాపాస్కల్ దగ్గర మూసుకుంటుంది. మొదటి 10 మెగాపాస్కల్‌కే 280 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 280 వంతుల కుదింపు) రావచ్చు. 150 నుంచి 200కు వెళ్తే వచ్చేది 320 మాత్రమే. ఆ 320ని మూడు దిశలకూ లెక్కేస్తే బల్క్ మాడ్యులస్ (అన్ని వైపులా నొక్కినప్పుడు రాయి చూపే గట్టిదనం) 52 గిగాపాస్కల్ తేలుతుంది.

పీడనానికీ కుదింపుకీ గీసిన గ్రాఫ్ మొదటి నుంచీ తిన్నగా వస్తే జాకెట్‌ను అనుమానించండి. నూనె లోపలికి దూరితే పగుళ్లలోనూ అదే పీడనం ఉంటుంది, ఇక అవి మూసుకోవు. 10 మెగాపాస్కల్‌కే రాయి ఖనిజమంత గట్టిగా కనబడుతుంది. అతుకు విప్పి మళ్లీ సోల్డర్ చేయడం తప్ప మార్గం లేదు.

ఇంకో పొరపాటు లెక్కలో జరుగుతుంది. పీడనం వల్ల గేజ్‌లోనే వచ్చే మార్పు రద్దయ్యేందుకు బ్రిడ్జిలో (గేజ్‌లను కలిపి కొలిచే సర్క్యూట్‌లో) రెండో గేజ్‌ను ఉక్కు దిమ్మకు అంటించి అదే వెసెల్‌లో పెడతాం. ఆ ఉక్కు కూడా నొక్కుకుంటుంది, 50 మెగాపాస్కల్‌కు సుమారు 104 మైక్రోస్ట్రెయిన్. మీటర్ చూపేది 216 అయితే ఈ 104 కలపాలి. కలపకపోతే బల్క్ మాడ్యులస్ 77 గిగాపాస్కల్ వస్తుంది. క్వార్ట్జ్ 38కి దగ్గరగా, ఫెల్‌స్పార్ 60కి అటూఇటుగా ఉన్నప్పుడు వాటితో తయారైన రాయికి 77 రావడం అసాధ్యం.

దించేటప్పుడూ అవే మెట్లు, అంతే నిదానం.