లేషాఫ్ట్ దగ్గర తేలిన శబ్దం: మా 1974 అంబాసిడర్ గేర్‌బాక్స్ పని

మొదటి వారం

మా నాన్నగారు 1974లో కొన్న మార్క్ 2 అంబాసిడర్ గేర్‌బాక్సును నెల్లూరులో మా ఇంటి షెడ్డులోనే విప్పడం మొదలుపెట్టాను. ఏడాదికి పైగా ఒకటి, రెండు, మూడు గేర్లలో బండి లాగుతున్నప్పుడు గరగరమని శబ్దం వస్తోంది. నాలుగో గేరు పడగానే అది దాదాపు ఆగిపోతోంది. నాలుగో గేరులో ఇంజిన్ తిప్పే బలం నేరుగా మెయిన్ షాఫ్టుకు, అంటే చక్రాల వైపు బలం పంపే ఇరుసుకు అందుతుంది. లేషాఫ్ట్ (దాని పక్కన ఉండే రెండో ఇరుసు) మీది పళ్ళచక్రాలు తిరుగుతూనే ఉన్నా వాటిమీద భారం పడదు. కాబట్టి ఆ ఒక్క గేరులో నెమ్మదించి తక్కిన వాటిలో అరిచే పెట్టెలో ముందుగా అనుమానించవలసింది లేషాఫ్టునూ దాని నీడిల్ బేరింగులనూ, అంటే సూదుల్లాంటి సన్నటి రోలర్లున్న బేరింగులనూ. అంతకుముందు చూపించిన ఒక షెడ్డులో చిక్కటి నూనె పోసి పంపారు. నెల రోజులు అణగి ఉన్న శబ్దం మళ్ళీ మొదలైంది.

పెట్టెను దించడానికి ఒక ఆదివారమంతా పట్టింది. ప్రొపెల్లర్ షాఫ్ట్, స్పీడోమీటర్ కేబుల్, స్టీరింగ్ దగ్గరి నుంచి వచ్చే గేరు రాడ్లు విప్పి, ఇంజిన్ కింద చెక్కదిమ్మ పెట్టి జాకీ ఆనించి, పెట్టెను వెనక్కి లాగాము. నాకు తోడుగా ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక పెద్ద మేస్త్రీ వచ్చారు.

రెండో వారం

మూత తీసి, పాత నూనెను తెల్లటి పళ్ళెంలోకి వంపాను. అడుగున మెరిసే ఇనుప రజనుతో పాటు పసుపురంగు పొడి కూడా కనిపించింది. ఇనుము బేరింగులది, పసుపు సింక్రో రింగులది (గేరు మార్చేటప్పుడు వేగాలను సమం చేసే రింగులు). లేషాఫ్టును బయటికి తీయబోతుంటే మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని, "రోలర్లు లెక్కపెట్టి రాసుకోకుండా లాగొద్దు అబ్బాయ్, ఒకటి తగ్గినా పెట్టె మళ్ళీ దించాల్సిందే" అన్నారు. అలాగే ఒక్కోవైపు ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకున్నాను.

షాఫ్టును గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకుని చూస్తే సంగతి తేటతెల్లమైంది. ముందువైపు రోలర్లు తిరిగే చోట, ఒకే పక్కన, చీమలు కొరికినట్టు గుంటలు పడ్డాయి. గోటితో రాస్తే తగులుతున్నాయి. వెనకవైపు మాత్రం అద్దంలా నునుపుగా ఉంది. ఇలాంటి షాఫ్టుకు కొత్త రోలర్లు మాత్రమే వేయడం డబ్బు దండగ.

రెండో గేరు హబ్బును (గేరును షాఫ్టుకు కలిపే మధ్యభాగం) విప్పేటప్పుడు దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి నెట్టాను. లోపల స్ప్రింగుల మీద కూర్చున్న మూడు గుండ్లు ఎగిరిపోకుండా ఉండడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు. సింక్రో రింగును గేరు కోను మీద నొక్కి చూస్తే, రింగుకూ గేరు పళ్ళకూ మధ్య ఉండవలసిన సందు దాదాపు మూసుకుపోయి ఉంది, అంటే రింగు అరిగిపోయింది. మొదటి గేరుకు సింక్రో ఉండదు కనుక దాని నేరు పళ్ళ అంచులు కొంత చిట్లడం మామూలే. వాటిని ఆయిల్ స్టోనుతో సున్నితంగా సరిచేశాను.

నాలుగో వారం

విడిభాగాల కోసం చెన్నై పుదుపేటకు వెళ్ళి వచ్చాను. 1990లలో వచ్చిన ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ల పెట్టెకు అయిదు గేర్లు. దాని భాగాలు దీనికి సరిపోవు. అందుకే పాత లేషాఫ్టును వెంట తీసుకెళ్ళి కాలిపర్‌తో కొలిచి మరీ కొన్నాను.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది, ఇష్టంగా చేసిందీ థ్రస్ట్ వాషర్ల దగ్గరే, అంటే గేర్లు అటూ ఇటూ జరగకుండా ఆపే బిళ్ళల దగ్గరే. ముందు వెనకల వాషర్లు పెట్టి లేగేరు (లేషాఫ్ట్ మీద తిరిగే పళ్ళచక్రాల గుత్తి) అటూ ఇటూ ఎంత జరుగుతోందో ఫీలర్ గేజీతో, అంటే సందును కొలిచే సన్నటి రేకులతో చూస్తే 0.20 మిల్లీమీటర్లు వచ్చింది. ఉండవలసింది 0.05 నుంచి 0.08 మాత్రమే. వెనక వాషరు వేర్వేరు మందాలలో దొరుకుతుంది కనుక మూడు తెచ్చి ఒక్కొక్కటే మార్చి చూశాను, మూడోదానితో 0.07కు వచ్చింది. ఆ తేడా కంటికి ఆనదు, కానీ గేర్లు వాటి చోట నిలిచేది దానివల్లే.

రోలర్లను గ్రీజుతో అంటించి, అసలు షాఫ్టు ఎక్కేదాకా అవి పడిపోకుండా లేత్ షాపులో చేయించిన పొట్టి ఉత్తుత్తి షాఫ్టును వాటి మధ్య ఉంచి, లేగేరును పెట్టెలో పడుకోబెట్టాను. మెయిన్ షాఫ్ట్ ఎక్కించాక అసలు షాఫ్టును తోస్తే ఉత్తుత్తిది రెండోవైపు నుంచి బయటికి వచ్చేసింది. బేరింగును సుత్తితో కొట్టకుండా పాత కళాయిలో నూనె పోసి సుమారు 90 డిగ్రీలకు వేడిచేశాను. చేతి తొడుగులతో పట్టుకుని పెడితే షాఫ్టు మీదికి దానంతటదే జారింది.

ఆరో వారం

క్లచ్ ప్లేటును పాత ఇన్‌పుట్ షాఫ్టుతో మధ్యకు సర్ది పెట్టెను బిగించాము. జీఎల్-5 అనే గ్రేడు గేరు నూనెలోని రసాయనాలు ఇత్తడి జాతి రింగులను తినే ప్రమాదం ఉంది కనుక దాని జోలికి పోకుండా మాన్యువల్ చెప్పిన గ్రేడునే పోశాను. పెన్నా వంతెన దాటి కోవూరు దాకా వెళ్ళి వచ్చాను. రెండో గేరులో అద్దాలు ఎత్తేసి విన్నా గరగర లేదు. 200 కిలోమీటర్ల తరువాత నూనె దించితే డ్రెయిన్ బోల్టు మీద సన్నటి బూడిదరంగు పొర తప్ప రజను కనిపించలేదు. వెనక సీలు దగ్గర మాత్రం రాత్రికి ఒక చుక్క పడుతోంది. వచ్చే ఆదివారం దాని పని చూడాలి.