రాయిని తూచే రాయి

మాచర్లలో మాకో కిరాణా కొట్టుంది. మొన్న రాత్రి షట్టర్ దించే వేళకు డిగ్రీ చదివే మా అమ్మాయి వచ్చి, "ఏదీ ఖాయంగా తెలుసుకోలేం నాన్నా" అంది. "మరి ఈ సంగతి ఖాయంగా ఎలా తెలిసిందమ్మా?" అన్నాను. మాట్లాడలేదు. గెలిచానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తర్వాత బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి విగ్రహవ్యావర్తని తీశాను. అన్నీ శూన్యమన్న తన మాటకు వచ్చిన ఆక్షేపణలకు ఆయన జవాబు అది. (నాగార్జునకొండ మాకు దగ్గరే. ఆయన అక్కడ ఉన్నాడా లేదా అన్నది వేరే గొడవ.) 70 శ్లోకాలు. మొదటి 20 ప్రత్యర్థివే. మొట్టమొదటి దాంట్లోనే నా ఎత్తు ఉంది: అన్నీ శూన్యమైతే, అంటే ఏదీ తనంతట తాను నిలబడనిదైతే, నీ మాటా శూన్యమేగా, అదింక దేన్ని కొట్టేస్తుంది? వ్యాఖ్యలో జవాబు: బండీ కుండా కూడా తమంతట తాము నిలబడేవి కావు, అయినా బండి కట్టెలు మోస్తుంది, కుండ నీళ్ళు పడుతుంది, నా మాటా అంతే. 29వ శ్లోకంలో ఇంకో అడుగేసి, నాకసలు ప్రతిజ్ఞే (నేను నిలబెట్టాల్సిన వాదమే) లేదంటాడు. తప్పించుకుంటున్నాడని ఒళ్ళు మండింది.

ఆ వెంటనే ఎదురు ప్రశ్న: వస్తువులు ప్రమాణాలతో (చూపు, తర్కం లాంటి తెలుసుకునే దారులతో) తేలితే, ప్రమాణాలు దేనితో తేలతాయి?

ఇది మా కొట్టు సంగతే. నా రాళ్ళకు తూనికలు కొలతల వాళ్ళు ముద్ర వేస్తారు. వాళ్ళ రాళ్ళను పైవాళ్ళ రాళ్ళతో సరిచూస్తారు. అలా ఎక్కుతూ పోతే పారిస్ పక్కన సెవ్ర్‌లో ఒక ప్లాటినం, ఇరిడియం దిమ్మె. 2019 మే 20 దాకా కిలో అంటే అదే. అది కిలో ఉందా అని తూచడానికి రాయేదీ? ఇప్పుడు దాని బదులు ప్లాంక్ స్థిరాంకం (భౌతికశాస్త్రంలో మారని ఒక సంఖ్య) వచ్చింది. దానికీ ఇంత అని ఒక విలువ మనుషులు కూర్చుని ఖాయం చేసిందే.

నా రాళ్ళ మీద అనుమానపడ్డ బేరగాడు సొంత రాయి తేనక్కర్లేదు. నా అరకిలోలు రెండూ ఒక పళ్ళెంలో, నా కిలో రాయి ఇంకో పళ్ళెంలో పెట్టమంటే చాలు. ముల్లు ఒరిగిందా, నా పని అయిపోయింది. "నీ రాయి మాత్రం సరైనదా?" అని నేను ఎదురు తిరిగితే ఏం లాభం? వాడు చేతులూపుకుంటూ వచ్చాడు. ప్రతిజ్ఞే లేదన్న నాగార్జునుడూ అలాంటి బేరగాడే.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. "అయితే నేనే గెలిచానా?"

"లేదు. తెలుసుకోలేం అని తేల్చేశావు. ఎలా తెలుసు అని అడిగుంటే నేనే ఇరుక్కునేవాణ్ణి."

"మరి మన కాటాని నమ్మొచ్చా?"

ఈలోగా ఒకావిడ అరకిలో కందిపప్పు అడిగింది. తూచి, కొసరు వేసి ఇచ్చాను.