రెండు పైపులదీ ఒకే రంగు

భోగి రాత్రి నన్ను అంబులెన్స్‌లో ఉప్పల్ నుంచి పంజాగుట్ట వైపు తీసుకెళ్లారట. ఊరంతా పండక్కి వెళ్లిపోయి రోడ్లు ఖాళీగా ఉండబట్టి అరగంటలోపే చేరామని తమ్ముడు ఇప్పటికీ అంటుంటాడు. నాకు అవేవీ గుర్తు లేవు. గుర్తున్నదల్లా అంతకు తొమ్మిది రోజుల ముందు స్కూల్లో మూడో పీరియడ్‌కి చలిజ్వరం రావడం, నాలుగో రోజుకి మెట్లు ఎక్కలేకపోవడం. స్వైన్ ఫ్లూ. నాకు 39 ఏళ్లు, షుగర్ లేదు, ఉబ్బసం లేదు. అయినా రెండు ఊపిరితిత్తులూ నిమ్ముతో గట్టిపడిపోయాయి.

మొదట చేర్చిన ఆసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ, రోజుకు పదహారు గంటలు బోర్లా పడుకోబెట్టారు. అది సరైన వైద్యమే. కానీ నాలుగు రోజులైనా శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 80 దాటకపోతే ‘ఇంకో రోజు చూద్దాం’ అంటూ వచ్చారు. ఆ ‘ఇంకో రోజు’ తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వెంటిలేటర్ మీద అంత ఒత్తిడితో వారం గడిచిపోతే, ఆ తర్వాత ఎక్మో (రక్తాన్ని ఒంటి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం) పెట్టినా కోలుకునే అవకాశం తగ్గుతుందని తర్వాత డాక్టరుగారు చెప్పారు. మీ వాళ్లెవరైనా ఆ స్థితిలో ఉంటే రెండో రోజే నోరు తెరిచి అడగండి, ఎక్మో ఉన్న చోటికి తీసుకెళ్లాలా అని. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది మెడికల్ షాపులో పనిచేసే మా పిన్ని కొడుకు. వాడు అడక్కపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

ఎక్మో అనగానే మా ఆయనకు కాళ్లలో సత్తువ పోయిందట. మనలో చాలామందికి ఆ మాట 2020లో బాలు గారి హెల్త్ బులెటిన్లతోనే తెలిసింది. చివరికి ఏమైందో అందరికీ తెలుసు. ‘అది పెడితే ఇక అంతేనా సర్?’ అని అడిగారట. ‘ఇది జబ్బును తగ్గించదండీ. ఊపిరితిత్తులు తేరుకునేదాకా వాటి పని ఇది చేస్తుంది. మనకు టైమ్ ఇస్తుంది’ అన్నారట డాక్టరు. ఈయన సంతకం పెట్టారు.

ఆరో రోజున మత్తు తగ్గించారు. గొంతుకు రంధ్రం చేసి ట్యూబ్ పెట్టారు కాబట్టి మాట లేదు. దుప్పటి తొలగినప్పుడు తొడ మీద పైపు కనిపించింది. వేలంత లావు, అద్దంలా లోపలిదంతా కనిపిస్తోంది. అందులో నేరేడు పండు రంగు రక్తం కిందికి పోతోంది. మెడ వైపు వచ్చే పైపులో మాత్రం దానిమ్మ గింజల రంగు. చెయ్యి కదిపి ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నా రక్తం నా ఒంటికి బయట, నా ఒంటి వేడితోనే ఉంది.

‘వేడి తగ్గకుండా 37 డిగ్రీల దగ్గర పెట్టామక్కా’ అన్నాడు పక్కనున్న అబ్బాయి. పర్ఫ్యూజనిస్ట్ అంటారట, ఆ యంత్రం చూసుకునే మనిషిని. పాతికేళ్లు ఉంటాయేమో. గజ్జలోని సిర నుంచి రక్తం వస్తుంది, పంపు నిమిషానికి మూడు వేల పైచిలుకు చుట్లు తిరుగుతూ దాన్ని తోస్తుంది, ఆక్సిజనేటర్ అనే డబ్బాలో వెంట్రుకల్లాంటి బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగుల లోపల గాలి, బయట రక్తం. అక్కడ బొగ్గుపులుసు వాయువు వదిలి, ఆక్సిజన్ తీసుకుని మెడ సిరలోకి తిరిగొస్తుంది. నిమిషానికి నాలుగు లీటర్లకు పైగా.

దగ్గు వచ్చిందంటే తొడ మీది పైపు గడగడా వణికేది. రక్తం సరిగా అందక పంపు సిరను పీల్చేస్తుంటే అలా కొట్టుకుంటుందట. అలారం మోగేది, నలుగురు పరుగెత్తుకొచ్చేవాళ్లు. నర్సమ్మ నుదుటి మీద చెయ్యి వేసి ‘మెల్లగా, మెల్లగా’ అనేది. దగ్గు ఆపుకోవడం అంత కష్టమైన పని ఇంకొకటి నేను చెయ్యలేదు.

ఆ అబ్బాయి గంటగంటకూ టార్చ్ పట్టుకుని ఆక్సిజనేటర్ మూలమూలా వెతికేవాడు, రక్తం గడ్డకట్టిన నల్లటి మచ్చల కోసం. గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది ఎక్కువైతే ఒళ్లంతా రక్తస్రావం, తక్కువైతే యంత్రంలో గడ్డలు. నాకు ముక్కు నుంచి రెండు రోజులు రక్తం ఆగలేదు. మా స్కూల్ టీచర్లు వరసగా వచ్చి రక్తం ఇచ్చారు. ఒంటి కిందికి దుప్పటి మార్చాలన్నా ఐదుగురు కావాలి, అందులో ఒకరి పని పైపులు పట్టుకోవడమే. కరెంటు, బ్యాటరీ, రెండూ పోతే చేత్తో తిప్పడానికి యంత్రం పక్కనే ఒక హ్యాండిల్ ఉండేది. ఒక రాత్రి లైట్లు ఒక్క క్షణం ఆరి వెలిగాయి. నేను కళ్లు తెరిచేసరికి ఆ అబ్బాయి చెయ్యి హ్యాండిల్ మీద ఉంది.

నిద్ర పట్టని రాత్రుల్లో కబుర్లు చెప్పేవాడు. 1975లో అమెరికాలో బార్ట్‌లెట్ అనే డాక్టరు తల్లి వదిలేసిన పసికందును ఈ పద్ధతితో బతికించారట. నర్సులు ఆ పాపకు ఎస్పెరాంజా అని పేరు పెట్టారట, స్పానిష్‌లో ‘ఆశ’ అని. నేను పలక మీద ‘నన్ను కూడా?’ అని రాశాను. ‘మీ ఎక్స్‌రే నిన్నటికన్నా తెల్లదనం తగ్గిందక్కా’ అన్నాడు. అబద్ధపు ధైర్యం ఎప్పుడూ చెప్పలేదు, అందుకే అతని మాట నమ్మేదాన్ని.

పదకొండో రోజున యంత్రానికి ఇచ్చే గాలిని కొద్దికొద్దిగా తగ్గించి, చివరికి ఆపేశారు. రక్తం మాత్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి చూద్దును కదా, మెడ వైపు పైపు కూడా నేరేడు రంగులోకి వచ్చేసింది. రెండూ ఒకటే రంగు! గుండె ఝల్లుమంది. యంత్రం చెడిపోయిందనుకుని మంచం కమ్మీ మీద చేత్తో కొట్టాను. అబ్బాయి నవ్వుతూ మానిటర్ నా వైపు తిప్పాడు. శాచురేషన్ 95. ‘డబ్బా ఏమీ చెయ్యట్లేదక్కా. ఇదంతా మీ ఊపిరే’ అన్నాడు. మర్నాడు పైపులు తీసేశారు.

ఆ తర్వాత ఇంటికి రావడానికి ఇంకో మూడు వారాలు. పధ్నాలుగు కిలోలు తగ్గాను, చెంచా ఎత్తలేను, నడక మళ్లీ నేర్చుకున్నాను. ఘట్‌కేసర్‌లోని ప్లాట్ అమ్మేశాం. జుట్టు గుప్పెళ్లకొద్దీ రాలింది. రాత్రిళ్లు అలారాలు వినిపించి లేచి కూర్చునేదాన్ని. ఈ సంగతి ఐసీయూ నుంచి వచ్చిన వాళ్లు సిగ్గుపడి చెప్పరు, చెప్పాలి. నాకు కౌన్సెలింగ్‌తో తగ్గింది.

ఏప్రిల్‌లో చెకప్‌కి వెళ్లినప్పుడు ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డాను. అద్దంలోంచి కనిపించాడు. ఎవరి మంచం పక్కనో వంగి టార్చ్ వేసి చూస్తున్నాడు. పిలవలేదు. చూడటం అయ్యాక కాగితం మీద ఏదో రాసుకుని ఇటు తిరిగాడు. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. బయటికొచ్చి, ‘అక్కా, మీ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఏదైనా మాట్లాడండి’ అన్నాడు.