కడుపునొప్పికి ఫిజియోథెరపీనా?

నేనూ ఇలాగే నవ్వాను. రెండేళ్లుగా పొత్తికడుపు కింద ఒకటే లాగుడు, స్కానింగులన్నీ నార్మల్, ఒక డాక్టరమ్మయితే "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేసింది. అలిపిరి మెట్లు 3,550 ఎక్కినదాన్ని, తిరుపతి బస్టాండు బెంచీ మీద పది నిమిషాలు కూర్చోలేకపోయాను.

గర్భసంచిని, మూత్రాశయాన్ని, పేగుల్ని కింద నుంచి మోసే కండరాలు బిగుసుకుపోయినా ఈ నొప్పి వస్తుందని ఫిజియో మేడమ్ చెప్పారు. నేనేమో యూట్యూబ్ చూసి కెగెల్, అదే ఆ కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం, చేస్తున్నా, అంటే బిగిసినదాన్నే ఇంకా బిగిస్తున్నానన్నమాట! వెంటనే ఆపించారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా ఊపిరి పీలిస్తే ఆ చెయ్యి పైకి లేవాలి, కింద కండరం వదులవ్వాలి. మొదటి వారం ఛాతీ తప్ప ఏదీ కదల్లేదు. లోపలి పరీక్ష మాత్రం నన్నడిగి, సరేనన్నాకే, గ్లవ్స్ వేసుకుని ఒక వేలితో ఎక్కడ నొక్కితే నొప్పో చూశారు. సిగ్గేసింది, అబద్ధమెందుకు.

ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) లాంటివి ఉన్నాయేమో ముందు గైనకాలజిస్టుకు చూపించుకోండి. మా అత్త "కాన్పులయ్యాక అందరికీ ఉండేదేలే" అంటుంది గానీ, ఆరు నెలలు దాటిన నొప్పిని ఓర్చుకోవడమేంటి?

పది వారాలైంది. పూర్తిగా పోలేదు. మొన్న చిత్తూరు దాకా బస్సులో కూర్చునే వెళ్లొచ్చాను.