బాస్ గిటార్ నుంచి ఆల్బర్ట్ స్క్వేర్ దాకా: మార్టిన్ కెంప్

1990ల చివర్లో ఇంగ్లండ్‌లో టీవీ చూసినవాళ్లకి మార్టిన్ కెంప్ అంటే ఆల్బర్ట్ స్క్వేర్ అనే కల్పిత పేటలో సాగే 'ఈస్ట్‌ఎండర్స్' సీరియల్‌లోని నైట్‌క్లబ్ ఓనర్ స్టీవ్ ఓవెన్. అంతకు పదిహేనేళ్ల ముందు అదే మనిషి స్పాండౌ బాలే అనే పాప్ బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించేవాడు. "సంగీతం మానేసి నటుడయ్యాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు కానీ, అసలు వరస అది కాదు. నటన ముందు వచ్చింది, బాస్ తర్వాత, మళ్లీ నటన.

1961 అక్టోబర్ 10న లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో పుట్టాడు. అన్న గ్యారీ రెండేళ్లు పెద్ద. చిన్నప్పుడే ఇద్దరూ ఆ పేటలోనే ఆనా షెర్ నడిపిన పిల్లల నాటక శిక్షణకి వెళ్లారు. అక్కడ ఎక్కువగా నేర్పింది అప్పటికప్పుడు కల్పించి నటించడం. పిల్లలకి ఒక సందర్భం ఇస్తారు, మిగతాది వాళ్లే అల్లుకోవాలి. తమ యాస మార్చుకోనక్కర్లేదు, అరిచి చెప్పనక్కర్లేదు, ఎదుటివాడి మాట విని దానికి జవాబివ్వడమే పని. ఆ "వినడం" అన్నది మార్టిన్‌కి తర్వాత రెండు చోట్లా పనికొచ్చిందని నా గట్టి నమ్మకం.

అన్న ఉన్న స్పాండౌ బాలే బ్యాండ్‌లోకి అతను వచ్చింది పక్కదారిలో. సామాన్లు మోస్తూ వెంట తిరిగేవాడు. మేనేజర్ స్టీవ్ డాగర్ అతన్ని చూసి బాస్‌కి తీసుకుందామన్నాడు. చూపులకి బాగుంటాడు, అదీ లెక్కలోకి వచ్చింది. గిటార్ కాస్త వచ్చు గానీ బాస్ కొత్త. నాలుగు తీగలే కాబట్టి సులువనుకుంటారు చాలామంది. తప్పు. బాస్ వాయించేవాడి చెవి డ్రమ్మర్ కాలి దగ్గర ఉండాలి. కాలితో వాయించే కిక్ డ్రమ్ దెబ్బా బాస్ స్వరమూ ఒకేసారి పడితే పాట నిలబడుతుంది. బాస్ కొంచెం ముందుకి ఉరికితే పాట కంగారు పడుతున్నట్టుంటుంది, వెనకపడితే ఈడుస్తున్నట్టు. వినేవాడు కారణం చెప్పలేడు కానీ తేడా మాత్రం పసిగడతాడు.

1980లో మొదటి సింగిల్ బ్రిటన్ పాటల చార్ట్‌లో 5వ స్థానానికి వెళ్లింది. 1983లో 'ట్రూ' పాట నాలుగు వారాలు నంబర్ వన్, అమెరికాలో 4వ స్థానం. అదే పేరున్న ఆల్బమ్ రికార్డింగ్ బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోలో జరిగింది. 1985 జూలై 13న వెంబ్లీలో, కరువు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీ వేదిక కూడా ఎక్కారు.

డబ్బు సంగతి ఇక్కడ చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఒక పాటలో రెండు వేరువేరు హక్కులుంటాయి. స్వరం, సాహిత్యం రాసినవాడిది ఒకటి. రికార్డింగ్‌ది ఇంకొకటి. రేడియోలో మోగినా, వేరేవాళ్లు మళ్లీ పాడినా, ఇంకో పాటలో ముక్క వాడుకున్నా మొదటి హక్కుకి డబ్బు వస్తూనే ఉంటుంది. స్పాండౌ బాలేలో దాదాపు పాటలన్నీ రాసింది గ్యారీ. కొన్నేళ్లు తన రచన ఆదాయంలో కొంత బ్యాండ్ కంపెనీకి ఇచ్చి, తర్వాత ఆపేశాడు. గాయకుడు టోనీ హ్యాడ్లీ, శాక్సఫోన్ స్టీవ్ నార్మన్, డ్రమ్మర్ జాన్ కీబుల్ కోర్టుకెక్కారు. 1999లో ఓడిపోయారు.

ఆ కేసులో 'ట్రూ' శాక్సఫోన్ సోలో మీద కూడా వాదన నడిచింది. పదహారు బార్ల (తాళపు ఆవర్తాల) సోలో, పాట విన్నవాళ్లెవరికైనా ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. దాన్ని అల్లుకున్నది నార్మనే. అయినా కోర్టు దృష్టిలో అది వాయిద్యకారుడి పనితనం, పాట రచనలో వాటా కాదు. పాట అప్పటికే తయారై ఉంది, అందులో సోలోకి చోటిచ్చింది రచయిత. చట్టం ప్రకారం తీర్పు అర్థమవుతుంది, మనసుకి మాత్రం ఎక్కదు. మన దగ్గరా 2012 కాపీరైట్ చట్ట సవరణ సినిమా పాటల రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీ హక్కు కాపాడింది. వీణ, వేణువు బిట్ వాయించి పాటకి ప్రాణం పోసినవాళ్లకి ఆ రచన వాటాలో చోటు లేదు.

మార్టిన్ ఆ కేసు వేయలేదు. అన్న మీద వేయాల్సిన కేసు మరి. కానీ రచన ఆదాయం లేనివాళ్లలో అతనూ ఒకడు. ఆ లెక్కన చిన్నప్పుడు నేర్చిన నటన ఎంత విలువైనదో చూడండి. బ్యాండ్ విడిపోయిన 1990లోనే పీటర్ మెడాక్ సినిమా 'ద క్రేస్' వచ్చింది. ఈస్ట్ లండన్ గ్యాంగ్‌స్టర్ కవలల్లో రెజీగా మార్టిన్, రోనీగా గ్యారీ. తర్వాత అమెరికా వెళ్లి చిన్నాచితకా వేషాలు వేశాడు.

1995లో మెదడులో రెండు కణితులు బయటపడ్డాయి. ఒకదానికి ఆపరేషన్ చేసి, తలలో లోహపు ప్లేటు అమర్చారు. రెండోదానికి రేడియేషన్ చికిత్స. ఆ తర్వాత మూర్ఛ సమస్య మిగిలింది, దానికి మందులు వాడుతూ వచ్చాడు.

ఆ స్థితిలోంచి లేచి, 1998లో 'ఈస్ట్‌ఎండర్స్' లాంటి సీరియల్‌లో చేరడం చిన్న విషయం కాదు. లండన్ పక్కన ఎల్‌స్ట్రీలో తీసే బీబీసీ సీరియల్ అది. అప్పట్లో వారానికి మూడు ఎపిసోడ్లు, 2001 నుంచి నాలుగు. ఒక్కోటి అరగంట, మధ్యలో ప్రకటనలుండవు. సీన్లు వరసలో తీయరు. పొద్దున ఒక ఎపిసోడ్ ముగింపు, మధ్యాహ్నం దానికి ముందరి గొడవ తీయొచ్చు. ఏ సీన్‌కి కోపం ఎంతవరకు వచ్చిందో నటుడే లెక్క పెట్టుకోవాలి. స్టూడియోలో ఒకేసారి పలు కెమెరాలు తిరుగుతుంటాయి. చెప్పిన మార్క్ మీద కాలు పడకపోతే ఒక కెమెరాకి ఫోకస్ పోతుంది, ఇంకో కెమెరాకి ఎదుటి నటుడు కప్పబడిపోతాడు. మన తెలుగు సీరియళ్లలో చాలాచోట్ల పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇచ్చి, తర్వాత డబ్బింగ్ చెప్పిస్తారు. అక్కడ సెట్‌లో పలికిన మాటే ప్రసారంలో వినపడుతుంది. మాట మరిస్తే టేక్ మొత్తం పోయినట్టే.

స్టీవ్ ఓవెన్ కథ 1999 ఫిబ్రవరిలో మలుపు తిరిగింది. మాజీ ప్రియురాలు సాస్కియాని యాష్‌ట్రేతో కొట్టి చంపడం, శవాన్ని ఎప్పింగ్ అడవిలో పాతడం, చివరికి నేరం మాథ్యూ అనే కుర్రాడి మీద పడడం. మార్టిన్ ఆ పాత్రలో గొంతు పెంచడు. తక్కువ మాటలు, ఎదుటివాడు మాట్లాడుతుంటే చూస్తూ ఉండిపోయే ముఖం. ప్రేక్షకులు భయపడింది ఆ నిశ్శబ్దానికే. 2002 మార్చిలో కారు పేలి స్టీవ్ చనిపోయాడు. పాత్రని చంపేశారు కాబట్టి తిరిగొచ్చే దారి లేదు. మార్టిన్ ఐటీవీ అనే మరో బ్రిటిష్ ఛానెల్ నాటకాల వైపు వెళ్లాడు.

2009 మార్చిలో థేమ్స్ నదిలో ఆగి ఉన్న హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్ ఓడ మీద బ్యాండ్ ఐదుగురూ మళ్లీ కలుస్తున్నట్టు ప్రకటించారు. కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు పక్కపక్కన నిలబడ్డారు. 2017లో హ్యాడ్లీ వెళ్లిపోయాడు.

మార్టిన్ వాయిద్యం వినాలంటే 'ట్రూ'తో మొదలుపెట్టకండి, అందులో గొంతూ శాక్సఫోనూ చెవిని లాగేస్తాయి. 1981లో వచ్చిన 'చాంట్ నంబర్ 1' పెట్టుకోండి. మంచి ఇయర్‌ఫోన్లు కావాలి, ఫోన్ స్పీకర్‌లో బాస్ దాదాపు వినపడదు. మొదటిసారి డ్రమ్స్ మాత్రమే పట్టించుకోండి, రెండోసారి దాని కింద నడిచే బాస్‌ని పట్టుకోండి.