తోతాపురి తొక్క విలువ మాకు తెలియదా?

పనీరు తీయగా మిగిలిన విరుగుడు నీళ్లను డెయిరీల నుంచి తెచ్చుకొని, వాటితో బ్యాక్టీరియాను పెంచి, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌ను రాబట్టడం చెన్నైలోని అంబత్తూరులో మా పని. ఈ మధ్య ఒక సమావేశంలో మామిడి తొక్కతో కూడా ప్రయత్నిద్దామని నేను అనగానే మా పై అధికారి అందరి ముందూ, "దాని విలువ తెలిస్తే మీ చిత్తూరు వాళ్లు రోడ్డు పక్కన గుట్టలు పోసి కుళ్లనిస్తారా అమ్మా?" అన్నారు. ఆయన తమిళులు, అయినా నాతో తెలుగులోనే మాట్లాడతారు, తనకు తెలిసిన పనిని దాచుకోకుండా నేర్పుతారు. అటువంటి మనిషి నోటి నుంచి రావడం వల్లనే ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు.

జూన్, జూలై నెలల్లో చిత్తూరు జిల్లాలోని బంగారుపాళ్యం వైపు వెళ్లిన వారికి ఆ పులిసిన వాసన తెలుసు. ఫ్యాక్టరీల్లో గుజ్జు తీశాక కాయ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా తొక్క, టెంకల రూపంలోనే మిగిలిపోతుంది. దానిని కుళ్లబెట్టడం తప్పే, కాదనను. కానీ కారణం మా వాళ్ల అజ్ఞానమంటే మాత్రం ఒప్పుకోలేను.

ఈ పనిలో బ్యాక్టీరియా మనల్ని ఇబ్బంది పెట్టేది తక్కువ. దాని కణాల్లో ఉండే పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్‌ను, అంటే మేము రాబట్టే ఆ ప్లాస్టిక్‌నే, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో మోరిస్ లెమోయిన్ 1926లోనే గుర్తించారు. తిండి దండిగా ఉండి నత్రజని కరువైతే, కుప్రియావిడస్ నెకేటర్ అనే సూక్ష్మజీవి ఆ పదార్థాన్ని గాదెలో ధాన్యంలా ఒంట్లో నిల్వ చేసుకుంటుంది. అన్నీ కుదిరితే దాని పొడి బరువులో 80 శాతం వరకు అదే ఉంటుంది. పాలలోని చక్కెరను అది నేరుగా తినలేదు కాబట్టి, ముందు పెరుగును తోడుపెట్టే జాతి బ్యాక్టీరియాతో ఆ చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి, ఆ తరువాత దీనికి అందిస్తాము.

అసలు కష్టమంతా సరుకు దగ్గరే ఉంది. పాలు ఏడాది పొడవునా వస్తాయి కాబట్టి విరుగుడు నీళ్లకు కొరత లేదు. ఇక్కడి డెయిరీ వాళ్లు వాటిని వేరే తొట్టిలో పట్టి, చల్లబరిచి మరీ పంపుతారు. ఆ శ్రద్ధను నేను మనసారా మెచ్చుకుంటాను. తొక్క సంగతి వేరు. అది వచ్చేది రెండు నెలలే, వచ్చినప్పుడు కొండలా వచ్చిపడుతుంది, తడిగా ఉండడం వల్ల మనం ముట్టుకునేలోపే గాలిలోని ఈస్టులు, బూజులు చక్కెరను తినేస్తాయి, పైగా తొక్కలోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు మనకు కావలసిన బ్యాక్టీరియా ఎదుగుదలను అడ్డుకుంటాయి. మిగిలిన పది నెలలు ఖాళీగా పడి ఉండే, బ్యాక్టీరియాను పెంచే తొట్ల మీద ఏ గుజ్జు ఫ్యాక్టరీ డబ్బు పెడుతుంది? 2025లో తోతాపురి ధర పడిపోయి, రైతుకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వవలసి వచ్చిన ప్రాంతమది. కాయకే దిక్కులేని చోట తొక్కను ఎండబెట్టలేదని ఎవరిని నిలదీయగలం?

అయినా దారి లేకపోలేదని నా నమ్మకం. లాక్టిక్ ఆమ్లం దాకా పాలచక్కెర, మామిడి చక్కెర రెండూ ఒకే రకం తొట్లలో నడుస్తాయి. చిత్తూరు జిల్లాలో పాడికి కొదవ లేదు. పది నెలలు విరుగుడు నీళ్లు, రెండు నెలలు తొక్క పెడితే అవి ఖాళీగా ఉండవు. వాటిని అక్కడే, గుజ్జు ఫ్యాక్టరీల పక్కనే కట్టాలని నా పట్టుదల. తడి తొక్కను లారీల్లో చెన్నై దాకా తెప్పిస్తే నీళ్లు మోసినందుకే కిరాయి కట్టినట్లవుతుంది.