ఎనిమిది జీబీలో 4కే పట్టిందా?

దసరాకి ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ కొన్నాం. అమ్మ సీరియళ్ల కోసమని చెప్పాం గానీ, ఆ రాత్రే నా పీసీని మోసుకొచ్చి హాల్లో పెట్టేశాను. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3070, దాని సొంత మెమరీ 8 జీబీ. రెండేళ్ల కిందట సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. పాత మానిటర్ మీద 1080పీలో ఏనాడూ మొరాయించలేదు.

టీవీ మీద కూడా మొదటి పది నిమిషాలు బ్రహ్మాండం. గేమ్‌లో ఊళ్లోకి అడుగుపెట్టానో లేదో, స్పీడ్ బ్రేకర్ల మీద ఆర్టీసీ బస్సులా కుదుపులు మొదలు. "మామయ్యా, ఆ గోడకి రాళ్లేవి? మైనం పూసినట్టుందేంటి?" అన్నాడు పక్కనున్న మేనల్లుడు. మూలన ఫ్రేమ్ రేటు చూస్తే 50కి పైనే! సగటు బాగానే ఉంది, మధ్యమధ్యలో ఒక్కో ఫ్రేము ఇరుక్కుపోతోంది.

పిక్సెళ్లు నాలుగింతలయ్యాయి కాబట్టి మెమరీ కూడా నాలుగింతలు కావాలేమో అనుకున్నాను. కాగితం మీద లెక్కేస్తే తేలింది వేరు. 3840×2160 పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు: ఒక ఫ్రేముకి 33 ఎంబీ. అలాంటి బఫర్లు (ఫ్రేములు దాచుకునే చోట్లు) ఇరవై ఉన్నా జీబీ నిండదు. అసలు తిండిపోతులు టెక్స్చర్లు, అంటే గేమ్‌లో గోడలకీ నేలకీ అతికించే బొమ్మలు. 4096×4096ది ఒక్కటి, కుదించాక కూడా, మిప్‌మ్యాప్‌లతో (దూరానికి వాడే దాని చిన్న నకళ్లతో) కలిపి 20 ఎంబీ దాటుతుంది. ఒక్క గోడకే రంగుకొకటి, గరుకుకొకటి, ఎత్తుపల్లాలకొకటి. ఇక ఊరంతా అంటే చూస్కోండి.

టాస్క్ మేనేజర్ తెరిస్తే డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంతది) అంచుదాకా నిండి ఉంది, దాని కింద షేర్డ్ మెమరీ పెరుగుతూ పోతోంది. దొంగ దొరికింది అక్కడే. (నిండినట్టు కనబడినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, చాలా గేములు అవసరం లేకపోయినా ముందే చోటు పట్టి పెట్టుకుంటాయి. షేర్డ్ అంకె ఎగబాకుతోందా అన్నదే చూడాలి.) షేర్డ్ అంటే మామూలు ర్యామ్. కార్డు సొంత మెమరీ వేగం సెకనుకు 448 జీబీ. నాది పాత బీ450 మదర్‌బోర్డు, దానికి కార్డుని కలిపే దారి పీసీఐఈ 3.0, ర్యామ్ నుంచి ఆ దారిన వచ్చేది మహా అయితే 16 జీబీ. కుదుపులు రాక ఏమొస్తాయి?

డీఎల్ఎస్ఎస్‌ని (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) క్వాలిటీలో పెట్టాను. లోపల 1440పీలోనే గీస్తుంది కాబట్టి కార్డు ఊపిరి పీల్చుకుంది గానీ, మెమరీ నేను ఆశించినంత మిగల్లేదు. టెక్స్చర్లు టీవీకి తగ్గ సైజులోనే వచ్చి కూర్చుంటాయి మరి. చివరికి రే ట్రేసింగ్ (కాంతి కిరణాల లెక్కతో వెలుగునీడలు గీయడం) ఆపేసి, టెక్స్చర్లు అల్ట్రా నుంచి హై చేశాను. మిగతావేవీ ముట్టుకోలేదు. కుదుపులు పోయాయి, గోడకి రాళ్లొచ్చాయి.

ఇప్పుడు కొత్తగా 4కే కోసమే కొనేవాళ్లు అడిగితే మాత్రం 16 జీబీ చూడమంటాను, చేతిలో డబ్బు తక్కువైతే కనీసం 12. నా 3070ని ఇప్పట్లో అమ్మను.

కుదుపులకి ముందు అల్ట్రాలో తీసిన స్క్రీన్‌షాట్, ఇప్పటి హైది పక్కపక్కన పెట్టి ఏది బాగుందని మేనల్లుణ్ణి అడిగాను. రెండూ ఒకటే కదా, నా టర్న్ ఎప్పుడు అన్నాడు.